సందేహాలు - సమాధానాలు: గడియారం పక్కన పెట్టుకుని నీళ్ళు కాచితే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే దారి పట్టాయి. ఎవరు కాచినా, ఎందుకు కాచినా, ప్రశ్న మాత్రం వేడి గురించీ దానికి పట్టిన టైము గురించీ. అందుకని మిగతావి వచ్చే నెలకు వాయిదా వేసి, ఇవన్నీ ఒకచోట చేర్చాను.

గీత వంకర పోయింది, మార్కులు పోతాయా?

*నేను పదో తరగతి చదువుతున్నాను. సైన్స్ ప్రాజెక్టు కోసం అల్యూమినియం గిన్నెలో లీటరు నీళ్ళు పోసి, మూత లేకుండా 1000 వాట్ల కరెంటు పొయ్యి మీద పెట్టి, నిమిషానికోసారి థర్మామీటరు చూసి రాసుకున్నాను. మొదట 28 డిగ్రీలు. నిమిషానికి 30, ఆ తర్వాత వరసగా 36, 44, 52, 60, 68, 75.5, 82, 88, 92.5, 96, 98. అక్కడే ఆగిపోయింది. పదమూడో నిమిషంలో కూడా 98. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుందనుకున్నాను. నాది కిందా వంగింది, పైనా వంగింది. 100 కూడా రాలేదు. మా ఫ్రెండ్స్ అంకెలు కొంచెం సరిచేసి గీత తిన్నగా గీయమంటున్నారు. ఏం చేయమంటారు?*
— ఒక విద్యార్థిని, కూకట్‌పల్లి, హైదరాబాద్

ఒక్క అంకె కూడా మార్చకు తల్లీ. ఈ నెల నాకొచ్చిన ఉత్తరాలన్నిటిలో మంచి డేటా నీదే. నువ్వు తప్పు అనుకుంటున్న ఆ వంపుల్లోనే అసలు కథంతా ఉంది.

కింది వంపు సంగతి సులువు. స్విచ్చి వేయగానే వేడి నీళ్ళలోకి దూకదు. ముందు పొయ్యిలో కాయిల్ ఎర్రబడాలి, దాని కింద పింగాణీ పలక కాగాలి, గిన్నె అడుగు కాగాలి, చివరికి నీ థర్మామీటరు గాజు కూడా కాగాలి. మొదటి నిమిషంలో 2 డిగ్రీలే పెరగడానికి కారణం అది.

ఇప్పుడు రెండో నిమిషం నుంచి ఆరో నిమిషం దాకా చూడు. 36, 44, 52, 60, 68. ప్రతి నిమిషానికీ కచ్చితంగా 8 డిగ్రీలు. నీ గ్రాఫులో బంగారం లాంటి ముక్క ఇదే. కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 కిలోజౌళ్లు కావాలని పుస్తకంలో చదివావు కదా. నిమిషానికి 8 డిగ్రీలంటే 33.4 కిలోజౌళ్లు. 60 సెకన్లతో భాగిస్తే సెకనుకు 557 జౌళ్లు, అంటే 557 వాట్లు. గిన్నె కూడా నీళ్ళతోపాటే కాగుతోంది. అది 300 గ్రాములుంటే దానికో 36 వాట్లు కలుపు. మొత్తం 590 చిల్లర. పొయ్యి మీద 1000 వాట్లని రాసి ఉన్నా, మిగిలిన 400 మీ వంటగది గాలికి పోయాయి. వాట్‌మీటరు లేకుండా, పొయ్యి విప్పకుండా, గోడ గడియారంతోనే ఇంత తెలిసిపోయింది.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మొదటి అంకె, చివరి అంకె రెండే తీసుకుంటారు. 28 నుంచి 98కి 12 నిమిషాలు, అంటే 70 డిగ్రీలు. లెక్క వేస్తే 406 వాట్లు వస్తుంది. పొయ్యి మరీ నాసిరకమని తేల్చేస్తారు. పొయ్యిది తప్పు కాదు, లెక్క వేసిన చోటు తప్పు. మొదటి నిమిషం మందకొడితనం, చివరి నిమిషాల నష్టం అన్నీ కలిపేసి సగటు తీస్తే అందులో ఏదీ విడిగా కనబడదు. వాలు ఎక్కడ నిటారుగా, నిలకడగా ఉందో అక్కడ కొలవాలి.

ఇక పై వంపు. తొమ్మిదో నిమిషం నుంచి పదో నిమిషానికి 4.5 డిగ్రీలే పెరిగింది. అంటే నీళ్ళలో నిలిచింది 314 వాట్లు. పొయ్యి మాత్రం మునుపు ఇచ్చినంతే ఇస్తోంది. తేడా 240 పైచిలుకు వాట్లు ఏమైనట్టు? కొంత గిన్నె పక్కల నుంచి గాలిలోకి పోయింది. ఎక్కువ భాగం పైనుంచి లేచిన ఆవిరిలో పోయింది. మరగకముందే 90 డిగ్రీల నీళ్ళ మీద ఎంత పొగ లేస్తుందో చూసే ఉంటావు. ఆ నష్టమంతా ఆవిరిదే అనుకుంటే నిమిషానికి ఆరు గ్రాముల నీళ్ళు పోవాలి. మీ ఇంట్లో వంటింటి తూకం ఉంటే గిన్నెను ముందూ వెనకా తూచి చూడు.

నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, ఇంకో పరీక్ష ఉంది. నీళ్ళు మరిగాక గిన్నె దించి చెక్క పలక మీద పెట్టు, ఈసారి చల్లారడం రాసుకో. (దించే పని అమ్మకో నాన్నకో అప్పగించు.) 90 డిగ్రీల దగ్గర నిమిషానికి ఎన్ని డిగ్రీలు పడుతోందో చూడు. నా లెక్క సరైనదైతే అది మూడున్నర దగ్గర ఉండాలి. ఎందుకంటే పొయ్యి ఇచ్చేది 8, గాలి లాక్కునేది 3.5, మిగిలేది 4.5. కాగేటప్పుడు రాసిన అంకెలకు చల్లారేటప్పుడు రాసిన అంకెలే సాక్ష్యం. ఆ తర్వాత మూతకు చిన్న బెజ్జం పెట్టి, అందులోంచి థర్మామీటరు దించి మళ్ళీ కాచు. రెండు గీతలూ ఒకే కాగితం మీద గీయి. మూత పెట్టిన గీత చాలా పైదాకా తిన్నగా పోతుంది. ఆ రెండు గీతల మధ్య ఖాళీయే నీ ప్రాజెక్టు.

98 దగ్గర ఆగడం నీ తప్పూ కాదు, థర్మామీటరు తప్పూ కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పీడనం కొంచెం తక్కువ. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఇదే గిన్నె విశాఖ బీచిలో పెడితే 100 వస్తుంది. అయినా ఒకసారి థర్మామీటరును నలగ్గొట్టిన ఐసు నీళ్ళలో పెట్టి చూడు, సున్నా చూపించాలి.

మంట పెద్దది పెడితే గ్యాసు ఆదా అవుతుందా?

*మా ఆడపడుచు మంట పెద్దది పెట్టి త్వరగా దించేస్తే గ్యాసు తక్కువ అవుతుందంటుంది. మా అత్తగారు సన్న మంటే మేలంటారు. కందిపప్పు ఉడకడానికి నేను గడియారం చూసి రెండు రకాలుగానూ ప్రయత్నించాను. నీళ్ళు మరగడానికి పెద్ద మంట మీద తక్కువ టైము పట్టింది కానీ, మరిగాక పప్పు ఉడకడానికి రెండు మంటల మీదా ఒకే టైము పట్టింది. ఇదేం విచిత్రం? కుక్కర్ వాడను, అడుగు మందం గిన్నెలోనే వండుతాను.*
— ఒక గృహిణి, గుంటూరు

మీ ఇంట్లో ఇద్దరి మాటా సగం సగం నిజం. మీరు మాత్రం పూర్తి నిజానికి చాలా దగ్గరకొచ్చారు.

ముందు మరిగే దాకా సంగతి. టైము తగ్గిందంటే గ్యాసు తగ్గినట్టు కాదు. నిమిషానికి ఎన్ని డిగ్రీలు పెరిగిందన్నది గిన్నెకు అందిన వేడిని చెబుతుంది. నాబ్ తిప్పినంత మేరా గ్యాసు పోతూనే ఉంటుంది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకుతోందంటే, గ్యాసు రెట్టింపైనా డిగ్రీలు రెట్టింపు కావు. గిన్నె పిడి చేత్తో పట్టుకోలేనంత కాలుతోందంటే ఆ గ్యాసు పిడికి పోతోందని అర్థం. అలాగని మరీ సన్న మంట పెట్టి అరగంట కాచినా లాభం లేదు. అంతసేపూ గిన్నె నుంచి గాలిలోకి నష్టం జరుగుతూనే ఉంటుంది. మంట అడుగు అంచు లోపలే ఉండి, మూత పెట్టి ఉంటే చాలు. ఈ విషయంలో మార్కులు మీ అత్తగారికే కొంచెం ఎక్కువ వేస్తాను.

గ్యాసు పొయ్యిలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 4246 కూడా ఇదే పద్ధతిలో పరీక్ష పెడుతుంది. తూచిన నీళ్ళు అల్యూమినియం గిన్నెలో పోసి కాస్తారు, 80 డిగ్రీల దగ్గర్నుంచి కలుపుతూ ఉంటారు, 90 దగ్గర మంట ఆర్పేస్తారు. నీళ్ళూ గిన్నే పుచ్చుకున్న వేడిని, కాలిన గ్యాసులో ఉన్న వేడితో భాగిస్తారు. 68 శాతానికి తగ్గకూడదు. దీన్ని మీ ఇంట్లో చేయాలని మాత్రం అనుకోకండి. ఐదు లీటర్ల నీళ్ళను 28 నుంచి 90కి తేవడానికి, 68 శాతం లెక్కన, పట్టేది 41 గ్రాముల గ్యాసే. ముప్ఫై కిలోల సిలిండర్లో ఆ 41 గ్రాములు తగ్గిందో లేదో బజార్లో దొరికే తూకాలకు సరిగ్గా అందదు.

ఇప్పుడు మీరు విచిత్రం అన్న సంగతి. మరగడం మొదలయ్యాక మీరు ఎంత మంట పెట్టినా నీళ్ళ వేడి ఒక్క డిగ్రీ పెరగదు. అదనంగా ఇచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. పప్పుకు తెలిసేది నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయన్నదే, ఎంత ఎగిరిపడుతున్నాయన్నది దానికి పట్టదు. కుతకుత ఉడికినా తళతళ మరిగినా పప్పుకు ఒకటే. అందుకే మరిగాక మంట తగ్గించేయాలి. గ్యాసు నిజంగా ఆదా అయ్యే చోటు అదే.

మీరు చేసిన పని లాంటిదే 1762లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు చేశాడు. ఎర్రగా కాలిన ఇనుప పొయ్యి పలక మీద, తగరపు పూత వేసిన చిన్న గిన్నెలో కాసిని నీళ్ళు పెట్టాడు. 10 డిగ్రీల నుంచి మరిగే దాకా నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నీళ్ళన్నీ ఇగిరిపోవడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ థర్మామీటరు కదల్లేదు. పొయ్యి మాత్రం అదే జోరుతో వేడి ఇస్తూనే ఉంది కదా అన్నది ఆయన తర్కం. నాలుగు నిమిషాల్లో 90 డిగ్రీలు పెంచిన వేడి, ఇరవై నిమిషాల్లో అయితే 450 డిగ్రీలు పెంచాలి. కనబడకుండా దాక్కున్న ఆ వేడికి గుప్తోష్ణం అని పేరొచ్చింది. నేటి కొలత ప్రకారం అది 540 దగ్గర ఉంటుంది. వేడిని నేరుగా కొలిచే సాధనం ఏదీ చేతిలో లేకుండా, పొయ్యినీ గడియారాన్నీ నమ్ముకుని అంత దగ్గరకు రావడం నాకు ఎప్పటికీ ముచ్చటే. నీళ్ళను మరిగించడానికి పట్టేదానికి ఐదింతలకు పైనే టైము వాటిని ఇగర్చడానికి పడుతుందన్నది మాత్రం వంట చేసే ఎవరైనా గుర్తుంచుకోదగ్గ అంకె.

సాయంత్రం నీళ్ళు మొండికేస్తున్నాయి

*బకెట్లో 18 లీటర్ల నీళ్ళు, 1500 వాట్ల హీటర్ రాడ్డు. బోరు నీళ్ళే, రెండు పూటలా 27 డిగ్రీలు ఉంటున్నాయి (మా అబ్బాయి థర్మామీటరు పెట్టి చూశాడు). 47 డిగ్రీలకు రావడానికి పొద్దున 18 నిమిషాలు, సాయంత్రం 25 నిమిషాలు. రాడ్డు పాడైందా? కరెంటు బిల్లు పెరుగుతుందా?*
— ఒక రైతు, జగిత్యాల జిల్లా

రాడ్డు పాడైతే పొద్దున కూడా అలాగే ఏడిపించేది. 18 లీటర్లను 20 డిగ్రీలు పెంచడానికి 1505 కిలోజౌళ్లు కావాలి. 1500 వాట్ల రాడ్డుకు అది 17 నిమిషాల పని. మీకు 18 పట్టింది, ఆ ఒక్క నిమిషం బకెట్‌కూ గాలికీ పోయింది. రాడ్డు నిక్షేపంగా ఉంది.

సాయంత్రం ఊరంతా లైట్లు, టీవీలు, మోటార్లు ఒక్కసారి వేసుకుంటారు, వోల్టేజి పడిపోతుంది. రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులు 200కు పడితే వోల్టేజి తగ్గింది 13 శాతమే, వేడి తగ్గేది దాదాపు 24 శాతం. మీ 18నీ 25నీ పెట్టి వెనక్కి లెక్క వేస్తే, పొద్దున 230 ఉందనుకుంటే సాయంత్రం 195 దగ్గర ఉండాలి. మీ ఊరి ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు ఉంటుంది, ప్లగ్గులో పెట్టి చూడమనండి. బిల్లు గురించి దిగులు వద్దు. ఏ పూటైనా బకెట్‌కు అర యూనిట్ లోపే. నిదానంగా కాగినంత మాత్రాన మీటరు ఎక్కువ తిరగదు.

మీ అబ్బాయికి ఒక మాట. రాడ్డు చుట్టూ, దాని పైనా ఉన్న నీళ్ళు ముందు కాగుతాయి, అడుగున చల్లగానే ఉంటాయి. వేడి నీరు తేలిక, పైనే తేలి ఉంటుంది. థర్మామీటరు పైన పెడితే ఒక అంకె, అడుగున పెడితే ఇంకో అంకె. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కర్రతో బాగా కలిపి అప్పుడు చూడమనండి. రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్ళలో వేలు పెట్టి చూసే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి. ప్రతి చలికాలం ప్రాణాలు పోయేది అక్కడే.

బాయిలరా, రియాక్టరా?

*విశాఖ దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లో 2000 కిలోల బ్యాచ్, దాదాపు నీళ్ళే. జాకెట్లో ఆవిరి 120 డిగ్రీలు, జాకెట్ వైశాల్యం 6 చదరపు మీటర్లు. నిరుడు 30 నుంచి 80 డిగ్రీలకు 40 నిమిషాలు పట్టేది. ఇప్పుడు 58 పడుతోంది. ప్రొడక్షన్ వాళ్ళు బాయిలర్ సరిగా లేదంటారు, బాయిలర్ వాళ్ళు రియాక్టర్ చూసుకోమంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. బ్యాచ్ షీట్‌లో ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసి ఉంది. దాంతో ఏమైనా తేలుతుందా?*

తేలుతుంది. పంచాయితీ తీర్చే పెద్దమనిషి మీ బ్యాచ్ షీటే.

మీ రియాక్టర్ కూకట్‌పల్లి అమ్మాయి గిన్నె లాంటిది కాదు. అక్కడ పొయ్యి నిమిషానికి ఇంత అని ఒకే లెక్కన వేడి ఇస్తుంది. మీ జాకెట్ అలా ఇవ్వదు, ఆవిరికీ బ్యాచ్‌కీ మధ్య ఎంత తేడా ఉంటే అంత ఇస్తుంది. మొదట్లో తేడా 120 లోంచి 30 పోగా 90 డిగ్రీలు. చివర్లో 40 డిగ్రీలే. అందుకే మీ గీత మొదట్లో నిటారుగా లేచి క్రమంగా వాలుతుంది. అది రోగం కాదు, దాని స్వభావమే అంత. వేడి వస్తువు చల్లారే తీరు గురించి న్యూటన్ 1701లో పేరు వేసుకోకుండా అచ్చేయించిన వ్యాసంలో ఉన్న సూత్రమే ఇది, తిరగేసి వాడుతున్నాం.

లాగరిథమ్ వేసి లెక్క కట్టాలి. 90ని 40తో భాగించి సహజ లాగరిథమ్ తీస్తే 0.811. దాన్ని 2000 కిలోలతో, 4180 జౌళ్లతో గుణించి, 6 చదరపు మీటర్లతో, సెకన్లతో భాగించండి. 40 నిమిషాలకు సుమారు 470 వస్తుంది, 58 నిమిషాలకు 325. ఒక చదరపు మీటరు జాకెట్, ఒక డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు దాటనిస్తోందన్నది ఈ అంకె. మూడో వంతు పడిపోయింది. అయితే ఈ అంకె ఒక్కటే పట్టుకుని ఎవరి మీదా నింద వేయకండి. పైన చెప్పిన సగటు మోసమే ఇక్కడా ఉంటుంది.

మీ అదృష్టం కొద్దీ మీ అంకెల్లో ఒక చిన్న చమత్కారం ఉంది. బ్యాచ్ 30 దగ్గర ఉన్నప్పుడు తేడా 90, 60 దగ్గర 60, 80 దగ్గర 40. తొంభైని అరవైతో భాగించినా, అరవైని నలభైతో భాగించినా ఒకటిన్నరే. అంటే అంతా సవ్యంగా ఉంటే 30 నుంచి 60కి పట్టే టైమూ, 60 నుంచి 80కి పట్టే టైమూ సమానంగా ఉండాలి. నిరుడు 20, 20 ఉండి ఉంటుంది. లాగరిథమ్ కూడా అక్కర్లేదు, ఇప్పటి షీటు తీసి 60 డిగ్రీలు ఎప్పుడు దాటిందో చూడండి.

29, 29 వచ్చిందా? మొదట్నుంచీ చివరిదాకా ఒకే తీరున మందగించింది. ఆవిరి నిలకడగానే ఉంది, దారిలో ఏదో అడ్డుంది. జాకెట్ లోపల పొలుసు కట్టి ఉండవచ్చు, బ్యాచ్ వైపు గోడకు పదార్థం అంటుకుని ఉండవచ్చు, స్టిర్రర్ నెమ్మదించి ఉండవచ్చు. స్టిర్రర్ స్పీడు ముందు చూడండి, అది చూడ్డానికి ఖర్చు లేదు.

మొదటి సగం బాగానే నడిచి, రెండో సగం సాగిందా? 21, 37 లాగా? అయితే నా వేలు స్టీమ్ ట్రాప్ వైపు చూపిస్తుంది. కండెన్సేట్ బయటికి పోక జాకెట్ అడుగున నిలుస్తోంది. నీళ్ళు నిండిన మేర జాకెట్‌కు ఆవిరి తగలదు, 6 చదరపు మీటర్లు కాస్తా నాలుగైపోతుంది. ట్రాప్ బైపాస్ ఒకసారి తెరిపించండి, ఉష్ణోగ్రత చటుక్కున లేస్తే దొంగ దొరికినట్టే.

మొదటి సగమే ఎక్కువ తిందా? అప్పుడు బాయిలర్ వాళ్ళను పిలవండి. మొదటి నిమిషాల్లో చల్లటి బ్యాచ్ గంటకు 400 కిలోల లెక్కన ఆవిరిని మింగుతుంది. ఆ టైములో ఇంకో రెండు రియాక్టర్లు కూడా ఆవిరి లాగుతుంటే ప్రెజర్ పడిపోతుంది. జాకెట్ గేజీ మీద 1 బార్ ఉండాల్సింది ఎంతకు దిగుతోందో ఐదు నిమిషాలకోసారి అదే షీట్‌లో పక్క గడిలో రాయించండి. షిఫ్ట్ మొదట్లో జాకెట్లో చిక్కుకున్న గాలి కూడా ఇలాంటి లక్షణమే చూపిస్తుంది, వెంట్ తెరిచి చూడాలి.

ఇవన్నీ చేసే ముందు థర్మోవెల్‌లో, అంటే సెన్సర్ దూర్చే గొట్టంలో, ఆయిల్ ఉందో లేదో చూడండి. ఇది నా సొంత గాయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి గొడవే వచ్చింది. రెండు రోజులు గ్రాఫులు గీశాను, ట్రాప్ విప్పించాను, ఫోర్‌మన్‌తో మాటా మాటా అనుకున్నాను. మూడో రోజు ఒక పాత హెల్పర్ సెన్సర్ బయటికి లాగి, వేలితో తుడిచి, "సార్, ఇది ఎండిపోయి ఉంది" అన్నాడు. గొట్టంలో ఆయిల్ లేక సెన్సర్‌కూ లోహానికీ మధ్య గాలి మిగిలింది. బ్యాచ్ ఎప్పుడో 80 దాటినా అది మాత్రం తాపీగా 70 చూపిస్తోంది. అరకప్పు ఆయిల్ పోశాం. అంతటితో తీరింది.

నూనెకు ఆగే చోటు లేదా?

*నీళ్ళకూ నూనెకూ పోల్చి చూపించమన్నారు స్కూల్లో. మా తమ్ముడు ఇంట్లో పొయ్యి మీద నూనె కాచి రీడింగులు తీస్తానంటున్నాడు. తీయనివ్వచ్చా?*
— రాజమహేంద్రవరం నుంచి ఒక అక్క

వద్దు. వేడి నీళ్ళున్న పెద్ద గిన్నెలో, ఒకే సైజు రెండు గాజు గొట్టాలు నిలబెట్టి, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో వంట నూనె సమానంగా పోసి చూడమనండి, అది చాలు. వంట నూనెకు కిలో ఒక డిగ్రీ పెరగడానికి నీళ్ళకు పట్టే వేడిలో సుమారు సగమే కావాలి. పైగా లీటరు నూనె 920 గ్రాములే తూగుతుంది. అందుకే అదే పొయ్యి మీద, అదే కొలతకు, నూనె వేడి రెండు రెట్లకు పైగా జోరుగా ఎక్కుతుంది.

పొయ్యి మీద వద్దన్న కారణం ఇంకొకటి. నీళ్ళ గీత 100 దగ్గర తనంతట తానే ఆగిపోతుంది. మీరు మరిచిపోయి పక్కింటికి వెళ్ళినా, ఇగిరేదాకా అది 100 దాటదు. నూనె గీతకు అలాంటి ఆనకట్ట లేదు. 100 దాటి, 200 దాటి, పొగ వచ్చేదాకా, అటు పైన నిప్పు అంటుకునేదాకా ఎక్కుతూనే పోతుంది. ఎప్పుడైనా మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. గ్యాసు ఆపి పళ్ళెం బోర్లించండి.

పాలు 63 దాకా కాచాను, చాలదా?

*చిన్న డెయిరీ పెట్టుకున్నాను. పాశ్చరైజేషన్‌కు 63 డిగ్రీలని చెప్పారు. 63 రాగానే దించేసి చల్లారుస్తున్నాను. అయినా పాలు త్వరగా పాడవుతున్నాయి.*
— మదనపల్లె

మీకు చెప్పినవాళ్ళు సగమే చెప్పారు, లేదా మీరు సగమే విన్నారు. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు నిలపాలి. అదే 72 అయితే 15 సెకన్లు చాలు. రెండు అంకెలూ జంటగా ఉంటేనే అర్థం. 63 అంటుకుని దిగిపోయిన పాలు కాచినట్టు కాదు. వెచ్చబెట్టినట్టు. గీత 63 మీద అరగంట చదునుగా పోవాలి. కాస్త దిగిపోతే మళ్ళీ మొదట్నుంచి లెక్క. అంతసేపూ కలుపుతూ ఉండండి, పైన మీగడ తెట్టు కింద ఒక వేడి, అడుగున ఒక వేడి ఉంటే మీ థర్మామీటరు చెప్పేది ఒక చోటి మాటే.

చన్నీళ్ళే ముందు మరుగుతాయట, నిజమేనా?

*వేడి నీళ్ళకంటే చన్నీళ్ళు పెడితేనే త్వరగా మరుగుతాయని మా మేస్త్రీ పందెం కాస్తున్నాడు.*
— నిజామాబాద్

పందెం కాయండి. 60 డిగ్రీల నీళ్ళు 28 నుంచి 60 దాకా ఎక్కే పని ముందే చేసి వచ్చాయి. మిగిలిన దారి రెండిటికీ ఒకటే. చల్లటి నీళ్ళు మొదట్లో జోరుగా ఎక్కడం చూసి మీ మేస్త్రీ అలా అనుకుని ఉంటాడు. జోరు వేరు, చేరడం వేరు. గెలిచిన డబ్బుతో ఇద్దరూ టీ తాగండి.

పాఠకులకు

వచ్చే నెల ఇలాంటి ప్రశ్నలు పంపేవాళ్ళు నాలుగు సంగతులు తప్పక రాయండి: నీళ్ళు ఎన్ని, గిన్నె దేనిది, మూత ఉందా, థర్మామీటరు ఎక్కడ పెట్టారు. వీలైతే అర నిమిషానికోసారి రీడింగు తీయండి, పొయ్యి ఆర్పాక ఇంకో పది నిమిషాలు కూడా రాయండి. శుభ్రంగా తిరగరాసిన కాగితం వద్దు. పొయ్యి పక్కన కూర్చుని రాసిన అసలు కాగితాన్నే, కొట్టివేతలతో, తడి మరకలతో ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పంపండి.